గిడుగు పంతులుగారూ, మా వాడి పేరా

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున మా చిన్నవాడు హోంవర్కు ముందేసుకుని కూర్చున్నాడు. నాలుగో తరగతి. మా ఊరు గురించి ఒక పేరా రాసుకు రమ్మన్నారట. నేను పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి రాయడం అయిపోయింది. ఇంత తొందరగానా అని నోట్సు తీసి చూద్దును కదా, మా ఊరు చాలా అందమైనదనీ, ఊరి పక్కనే నది పారుతుందనీ, పచ్చని చెట్లు ఉన్నాయనీ, ప్రజలందరూ కలిసిమెలిసి ఉంటారనీ, అందుకే మా ఊరంటే తనకెంతో ఇష్టమనీ రాసి ఉంది. గైడులోంచి దింపేశాడు. మేముండేది కామారెడ్డిలో. ఊరి పక్కన నది ఎక్కడిదిరా అంటే నా మొహం చూశాడు. మంజీర నీళ్ళు కళ్ళజూడాలంటే మేము బస్సెక్కి పోవాలి.

సరే, రాయొద్దు, ఊరికే నోటితో చెప్పు, మన ఊళ్ళో ఏమేం ఉన్నాయి అన్నాను. ఇంక చూడండి. స్టేషనులో రైలు ఎంతసేపు ఆగుతుంది, గంజులో బెల్లం లారీలకు ఎక్కిస్తుంటే చీమలు ఎక్కడిదాకా బారు కడతాయి, వాళ్ళ తాత పొలంలో చెరుకు నరికే రోజు ఎవరెవరు వస్తారు, బెల్లం పెనం దగ్గరికి పిల్లల్ని ఎందుకు రానివ్వరు, అంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. ఇదే రాయరా నాయనా అన్నాను. పెన్సిలు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

పాత పేజీలు తిరగేస్తే సంగతి అర్థమైంది. అంతకుముందు బతుకమ్మ గురించి సొంతంగా రాశాడు. గునుగు పువ్వు, తంగేడు పువ్వు ఎక్కడినుంచి తెంపుకొచ్చిందీ, తాంబాళంలో ముందు ఏ పువ్వు పేర్చిందీ వరసగా ఉంది. ఆ పేజీ నిండా ఎర్ర సిరా. తెంపుకొచ్చినం అన్న చోట కొట్టేసి కోసుకొని వచ్చాము అని ఉంది. పేర్చినం కొట్టేసి పేర్చాము అని ఉంది. మార్కులు పదికి నాలుగు. గైడులోంచి దింపిన దానికి తొమ్మిది. పిల్లవాడు తెలివిగలవాడే, ఏది లాభమో అదే చేస్తున్నాడు. టీచరమ్మను అనడానికీ లేదు. నలభై మందికి నోట్సులు దిద్దాలి, పుస్తకంలో ఉన్న భాషే ఆవిడకు కొలబద్ద.

మార్కులొస్తున్నాయి కదా, నీకెందుకు అన్నారు మావారు. నాకు మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. చెప్పవలసింది బోలెడు ఉండీ, చెప్పే వరస కూడా ఉండీ, కాగితం మీదికి వచ్చేసరికి పిల్లవాడు అబద్ధం రాయడం నేర్చుకున్నాడు. లేని నదిని పారించాడు.

అప్పుడు గుర్తొచ్చారు గిడుగు రామమూర్తి పంతులుగారు. డిగ్రీలో వ్యావహారిక భాషోద్యమం అని రెండు పేజీల నోట్సు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కినదాన్ని. ఆయన గొడవంతా పండితుల గొడవనుకున్నాను. ఈసారి తీరిగ్గా ఆయన జీవితం చదివాక తెలిసింది, అసలు గొడవ మొదలైంది పిల్లల నోట్సు దగ్గరే.

ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీకాకుళానికి ఉత్తరాన వంశధార ఒడ్డునున్న పర్వతాలపేటలో. అమ్మ వెంకమ్మగారు, నాన్న వీర్రాజుగారు. నాన్నగారికి ఉద్యోగరీత్యా చోడవరం బదిలీ అయింది, అక్కడే జ్వరంతో పోయారు. పిల్లవాడికి ఇంకా పన్నెండేళ్ళు. మేనమామగారి ఆసరాతో విజయనగరంలో చదువు సాగింది. అక్కడ తోటి విద్యార్థి ఎవరనుకున్నారు, గురజాడ అప్పారావుగారు! ఆ ఇద్దరు కుర్రాళ్ళూ పెద్దయ్యాక తెలుగు రాసే తీరునే మార్చేస్తారని అప్పుడు ఏ మాస్టారూ ఊహించి ఉండరు.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు, ఆ ఏడే పెళ్ళయింది. మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతం మీద చరిత్ర మాస్టారుగా చేరారు. మొదటి ఫారం పిల్లలకు పాఠం. మాస్టారికే పదిహేడేళ్ళు! ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. చదివారు. చరిత్ర చెప్పేవాడు పుస్తకంలో ఉన్నది అప్పజెప్పి ఊరుకుంటే చాలదనుకున్నారో ఏమో, దగ్గరలోని ముఖలింగం గుళ్ళలో ఉన్న శాసనాల్ని తనంతట తానే చదవడం నేర్చుకుని వాటిమీద ఇంగ్లీషు పత్రికల్లో వ్యాసాలు రాశారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. కొండల్లో సవరలు. సంతకు దిగివచ్చే ఆ మనుషుల మాట పట్నంవాళ్ళకు అర్థం కాదు, పట్నంవాళ్ళ మాట వాళ్ళకు అర్థం కాదు. ఈ సందులో దళారులకు పండగ. వాళ్ళకు చదువు చెప్పాలని పంతులుగారికి తోచింది. తోచిందాకా ఎవరికైనా తోస్తుంది. ఆయన చేసింది ఏమిటంటే, ముందు తాను పిల్లవాడై కూర్చున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ళ తరబడి సవర భాష నేర్చుకున్నారు. తర్వాత ఆ భాషలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు, అయ్యవార్లకు జీతాలు ఇచ్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు. అప్పటికి ఆ భాషకు అచ్చు పుస్తకమంటూ ఎక్కడుంది కనుక.

ఇక్కడ నాకు ఇంకో మనిషి గుర్తొస్తుంది. ఆ ఇంటి ఇల్లాలు. నూట పాతికేళ్ళ కిందటి బ్రాహ్మణ ఇల్లు. ఆ ఇంట్లో కొండమనిషిని పెట్టుకుంటే వాడకట్టు ఊరుకుంటుందా? అతనికి పొద్దూమాపూ అన్నం చూసింది ఎవరు? 30 రూపాయలతో మొదలైన సంసారంలోంచి సవర బడికి డబ్బు పోయిందంటే ఆ వంటింట్లో ఏ డబ్బా ఖాళీగా ఉండిపోయిందో? మనలాంటివాళ్ళం అయితే ముందు ఆ లెక్కే అడుగుతాం.

సవర భాష మీద ఆయన కృషి 35 ఏళ్ళు సాగింది. ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని 1931లోనూ, నిఘంటువును 1938లోనూ మద్రాసు ప్రభుత్వమే అచ్చు వేసింది. కొండల్లో తిరిగితిరిగి మలేరియా పట్టి, క్వినైను మింగిమింగి చెవులు పోయాయంటారు. మనుషుల మాటను చెవిపెట్టి విని ఒక్కొక్క ధ్వనినీ పట్టుకున్న మనిషికి చివరికి చెవుడు వచ్చింది చూడండి.

సవర పిల్లలకు సొంత భాషలో పాఠాలు చెప్పించిన మనిషికి తెలుగు పిల్లల అవస్థ కళ్ళబడడానికి మాత్రం ఒక దొర రావలసి వచ్చింది. 1907లో జె.ఏ. యేట్స్ అనే ఆయన ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగు క్లాసుల్లో కూర్చుని చూస్తే ఆయనకు ఏదో తేడా కనిపించింది. పిల్లలు ఒక భాష మాట్లాడుతున్నారు, పుస్తకం ఇంకో భాష మాట్లాడుతోంది. పండితుడు ఆ రెండో భాషను మొదటి భాషలోకి మార్చి అర్థం చెప్పడంతోనే గంట కొడుతున్నారు. ఎందుకిట్లా అని ఆయన విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. దీనికి జవాబు చెప్పగలవాళ్ళు గురజాడ, గిడుగు అని అయ్యంగారు చెప్పారు. పరాయిదేశం వాడు అడిగిన ఆ ప్రశ్న పంతులుగారిని మిగతా జీవితమంతా నిద్రపోనివ్వలేదు.

ఆ కాలపు పిల్లలు కాంపోజిషన్ ఎట్లా రాసేవాళ్ళో ఊహించండి. ఆవు గురించి ఒక పేరా రాయాలి. పాలు ఇస్తుంది అని ఇంట్లో అంటారు, రాసేటప్పుడు ఒసఁగును అనాలి. వచ్చాడు కుదరదు, వచ్చెను. అరసున్న ఎక్కడ, బండి ఱ ఎక్కడ, ద్రుతం మీద సంధి ఎక్కడ, ఇదంతా చూసుకోవాలి. పరవస్తు చిన్నయసూరిగారి బాలవ్యాకరణానికి తప్పకూడదు. పేరులో బాల ఉంది గానీ అది పెద్దవాళ్ళకే కొరుకుడు పడని పుస్తకం. పిల్లవాడి మనసంతా ఈ ముళ్ళమీద నడవడానికే సరిపోతుంది. ఇంక ఆవు ఏం తింటుంది, ఎన్ని పూటలు పాలిస్తుంది, దూడకు ఎన్ని వదలాలి అనే ఆలోచనకు తావెక్కడ? ఏ తప్పూ పడని నాలుగు ముక్కలు బట్టీపట్టి దించడమే క్షేమం. మా వాడి గైడు మార్గం వందేళ్ళ కిందటిదే అన్నమాట.

1911లో పంతులుగారు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. మామూలుగా అయితే పడక్కుర్చీ వేసుకునే వయసు. ఆయనకు అసలు పని అప్పుడు మొదలైంది. 1912-13 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం స్కూల్ ఫైనల్ పిల్లలు తెలుగు కాంపోజిషన్‌ను గ్రాంథికంలోనైనా వాడుక భాషలోనైనా రాసుకోవచ్చునంది. చిన్న వెసులుబాటు. దానిమీద పెద్ద యుద్ధమే జరిగింది. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వంలో పండితులు ఒక్కటయ్యారు. సభలు, అర్జీలు, కరపత్రాలు. వాడుక భాష రాయనిస్తే భాష చెడిపోతుందన్నారు. ఊరికొక తీరుగా మాట్లాడుకుంటాం కాబట్టి రాసే భాష ఒక్కటే ఉండాలన్నారు. ఈ రెండో మాటలో నిజం లేకపోలేదు. దాని సంగతి మళ్ళీ చెబుతాను.

గిడుగువారు 1913లో ఇంగ్లీషులో ఒక పెద్ద విజ్ఞాపన తయారుచేసి ప్రభుత్వానికి ఇచ్చారు. ఇంగ్లీషు పిల్లలు వాళ్ళ ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషే బళ్ళో రాస్తున్నారు కదా, మన పిల్లలు చేసిన పాపం ఏమిటన్నది ఆయన వాదన. అయినా ప్రభుత్వం జంకింది. 1915 వచ్చేసరికి ఆ వెసులుబాటు పోయింది. పిల్లలు మళ్ళీ అరసున్నల్లో పడ్డారు. ఆ ఏడే గురజాడవారు కన్నుమూశారు. చిన్ననాటి స్నేహితుడు పోయాడు, గెలిచామనుకున్నది చేజారింది. పంతులుగారికి అప్పటికి 52 ఏళ్ళు.

ఆయన అప్పుడు చేసిన పని నాకు భలే నచ్చింది. పండితులతో పోట్లాటకు పాత కావ్యాలు, శాసనాలు, తాటాకు ప్రతులు ముందేసుకున్నారు. మీరు తప్పులంటున్న మాటలు పాతవాళ్ళు రాసినవేనని చూపించారు. అంతటితో ఆగలేదు. గ్రాంథికమే రాయాలనే పండితుల పుస్తకాలు తీసి వాళ్ళ వ్యాకరణం ప్రకారమే వాళ్ళు చేసిన తప్పులు ఎత్తిచూపారు. పెద్ద పండితులకే తప్పు లేకుండా రాయడం చేతకాని భాషను పదేళ్ళ పిల్లవాడి నెత్తిన రుద్దుతారా అని నిలదీశారు. అవన్నీ తర్వాత ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అనే పుస్తకంగా వచ్చాయి. పేరు చూస్తేనే తెలుస్తుంది, మనిషి నెమ్మదైనవాడు కాదని! ఊరూరా తిరిగారు. సభకు పోతే ఎదుటివాళ్ళ మాట సరిగా వినపడదు. వినపడకపోయినా తాను చెప్పవలసింది చెప్పే వచ్చేవారు.

1919 ఆయనకు కలిసొచ్చిన ఏడు. తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. అది ఎక్కువకాలం నడవలేదు గానీ, రాజమండ్రిలో వాడుక భాష కోసం సమాజం పెడితే దానికి అధ్యక్షులుగా వచ్చింది కందుకూరి వీరేశలింగంగారు. జీవితమంతా గ్రాంథికం రాసిన పెద్దాయన చివరి రోజుల్లో ఈ పక్కకు వచ్చారు. నాలుగు నెలలు తిరక్కముందే, మేలో ఆయనా పోయారు. అదేమిటో, పంతులుగారి పక్కకు ఎవరు వచ్చి నిలబడినా కాలం ఉండనివ్వలేదు.

ఇదంతా చదువుతుంటే నాకు ఒక ప్రశ్న వచ్చింది. ఆ రోజుల్లో మా కామారెడ్డి పిల్లలు ఏం రాస్తున్నారు? జవాబు మా ఇంట్లోనే ఉంది. మా తాతగారు ఉర్దూలో చదువుకున్నారు. మాది నిజాం రాజ్యం కదా. బళ్ళో ఉర్దూ, కచేరీలో ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో పెద్ద చదువూ ఉర్దూలోనే. తాతగారు తెలుగులో చక్కగా కథ చెప్పేవారు గానీ ఉత్తరం రాయమంటే తడబడేవారు. గ్రాంథికమా వాడుక భాషా అన్న కొట్లాట మాదాకా రానే లేదు. అసలు తెలుగే బళ్ళోకి రాలేదు మరి. తీరా వచ్చేసరికి, పంతులుగారు గెలిపించిన వాడుక భాష కృష్ణా గోదావరి గట్లమీది వేషం వేసుకుని వచ్చింది.

పంతులుగారితో నాకు పేచీ ఇక్కడే. ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం. అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడుకునే భాష. ఎవరా చదువుకున్నవాళ్ళు? ఆయన కళ్ళముందు ఉన్నవాళ్ళు ఉత్తర కోస్తా, గోదావరి జిల్లాల పెద్దమనుషులు. మా అత్తమ్మ మాట ఆ లెక్కలోకి రాదు. మా వాడి తెంపుకొచ్చినం రాదు. తెలంగాణ వచ్చాక ఆగస్టు 29తోపాటు మాకు ఇంకో భాషాదినం కూడా ఉంది, సెప్టెంబరు 9, కాళోజీగారి పుట్టినరోజు. పదకొండు రోజుల తేడాతో రెండు పండగలు. రెండో పండగ ఎందుకు కావలసివచ్చిందో మా వాడి నోట్సులో ఎర్ర సిరా చూస్తే తెలుస్తుంది.

అయితే పంతులుగారి జీవితంలో శిష్టుల భాష ఒక్కటే లేదు, సవర భాషా ఉంది. పండితులతో పేచీలో ఆయన నాకు కొంచెం దూరంగా ఉంటారు గానీ, సవర బడి దగ్గర మాత్రం పక్కనే కూర్చుంటారు. ఆ సంగతి ఎల్లారెడ్డి పోయినప్పుడు ఇంకా బాగా తెలిసింది.

మా వదిన ఎల్లారెడ్డి దగ్గర ఒక తండాలో టీచరు. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా బస్సులో పోవాలి. ఆ వైపంతా లంబాడీ తండాలు. ఒకటో తరగతికి వచ్చే పిల్లలు అమ్మను యాడి అంటారు, ఇంట్లో తెలుగు మాట వినపడదు. వాళ్ళకు తెంపుకొచ్చినం కూడా పరాయిదే, కోసుకొని వచ్చాము కూడా పరాయిదే. నా బాధ చెబితే వదిన నవ్వి, ఒకరోజు వచ్చి మా పిల్లల్ని చూడు అంది. మా వాణ్ణి తీసుకుని పోయాను.

అప్పుడే వాళ్ళ తీజ్ పండగ అయిపోయింది. వదిన తీజ్ గురించి పేరా రాయిస్తోంది. రాయమని వెంటనే కాగితాలు ఇవ్వలేదు. ముందు వాళ్ళ భాషలోనే ఒకరికొకరు చెప్పుకోమంది. పది నిమిషాలు సంతలా ఉంది. తర్వాత, మా ఆడబిడ్డకు తీజ్ అంటే తెలియదు, చెప్పండి అని నన్ను చూపించింది. నేను అడగడం మొదలుపెట్టాను. తీజ్ అంటే ఏమిటి? ఎప్పుడు వస్తుంది? ఎవరు చేస్తారు? బుట్టలో ఏం వేస్తారు? ముందు మన్నా, గింజలా? ఎన్ని రోజులు నీళ్ళు పోస్తారు? చివరికి ఆ మొలకల్ని ఏం చేస్తారు? నాకు నిజంగానే తెలియదు, అందుకని నా ప్రశ్నలు దొంగ ప్రశ్నలు కావు. పిల్లలకు అది ఇట్టే తెలిసిపోతుంది. తెలిసినవాళ్ళు అడిగితే అప్పజెబుతారు, తెలియనివాళ్ళు అడిగితే విడమరిచి చెబుతారు.

ఒక్కొక్క జవాబునూ వదిన ఒక చీటీ మీద రాయించింది. తెలుగు మాట తెలియని చోట వాళ్ళ మాటే తెలుగు అక్షరాల్లో. చీటీలన్నీ నేలమీద పరిచారు. ఏది ముందు, ఏది వెనక అని పిల్లలే జరపడం మొదలుపెట్టారు. పెళ్ళికాని ఆడపిల్లలు గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తారన్న చీటీ, మొలకల్ని నీళ్ళలో కలుపుతారన్న చీటీ తర్వాత వచ్చింది. ఒక పిల్ల గట్టిగా నవ్వింది, మొలకలు నీళ్ళలో కలిపేశాక ఇంక దేనికి నీళ్ళు పోస్తారని. జరిపారు. ఆ రోజు అన్న బండి చెడిపోయిందని ఒక చీటీ ఉంది. అది నిజమే, కానీ తీజ్ సంగతి కాదు. ఆ చీటీ రాసిన పిల్లవాడు తీసేయడానికి ఒప్పుకోలేదు. వదిన బతిమాలి దాన్ని పక్కన పెట్టించింది, రేపు బండి గురించి వేరే పేరా రాద్దువుగాని అని. ఇంక అన్నిటికంటే పైన ఒక చీటీ తక్కువైంది. తీజ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు మొట్టమొదట ఏం చెప్పాలి? అది వాళ్ళే ఆలోచించి రాశారు. ఆ తర్వాతే నోట్సులోకి ఎక్కించారు, అప్పుడు తెలుగు మాటలు సరిచేసుకున్నారు.

మా వాడు ఊరికే ఉంటాడా. వాళ్ళకు తన ఊరి గురించి చెప్పబోయి, ఎల్లారెడ్డి మా ఊరి పక్కనే అన్నాడు. కాదు, గంట పైన పడుతుందని వాళ్ళు. వీడు చెప్పేది అడ్లూర్ ఎల్లారెడ్డి, మా కామారెడ్డి దగ్గరది. వాళ్ళది నిజాంసాగర్ వైపు ఎల్లారెడ్డి. పేరు ఒక్కటే, ఊళ్ళు రెండు. కాసేపు తగువాడుకుని, ఎల్లారెడ్డి గురించి ఎవరు రాసినా మొదటి వాక్యంలోనే ఏ ఎల్లారెడ్డో చెప్పాలని పిల్లలే తీర్మానించారు. పేరాకు మొదటి వాక్యం ఎందుకో నేను మా వాడికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, ఆ తగువుతో ఎక్కింది.

సవర, బంజారా లాంటి భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు వేసి బళ్ళో వాడి చూడడం మన రాష్ట్రంలో 2004 తర్వాత సర్కారు తరఫున మొదలైంది. పర్లాకిమిడిలో ఒక మాస్టారు సొంత జీతంతో ఆ పని చేసిన చాలాకాలానికి. వదిన బళ్ళో అట్లాంటి పుస్తకాలు లేవు. చీటీలే ఉన్నాయి.

పంతులుగారి చివరి రోజులు చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడిని అందులో కలిపారు. కూడదని ఆయన పోరాడారు. వినలేదు. పదిహేడో ఏట వచ్చి యాభై ఆరేళ్ళు బతికిన ఊరిని 73వ ఏట వదిలేసి రాజమండ్రి చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర ఆఫీసులో పత్రికల సంపాదకులను కలిసి మాట్లాడారు. అప్పటికీ పత్రికలన్నీ పూర్తిగా వాడుక భాషలోకి రాలేదు, బడిపుస్తకాలు అసలే రాలేదు. మీరైనా జనం మాట్లాడే భాష వదలకండని అడగడానికే పోయారు. వారం తిరిగేసరికి, 22న, వెళ్ళిపోయారు. బడిపుస్తకాలు మారడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది, ఆయన చూడలేదు. ఈ పేజీలో నేను రాస్తున్న భాష ఆయన అడిగిందే. దీనిలోకి మా అత్తమ్మ మాట ఇంకా సగమే వచ్చింది, నాకే చెయ్యి రాదు. నేనూ ఎర్ర సిరాతో దిద్దించుకుని పెరిగినదాన్నే కదా.

ఎల్లారెడ్డి నుంచి వచ్చిన మర్నాడు మా వాడు చీటీలు అడిగాడు. పాత క్యాలెండరు చింపి ఇచ్చాను. కామారెడ్డి మొత్తం ఒక్క పేరాలో పట్టదని వాడే తేల్చుకున్నాడు. బెల్లం ఒక్కటే రాస్తానన్నాడు. చెరుకు గానుగలో వేస్తారు, రసం పెనంలో పోస్తారు, కింద చెరుకు పిప్పితో మంట పెడతారు. తెలిసిన సంగతులే కాబట్టి గబగబా వచ్చాయి. మాటలన్నీ ఇంటి మాటలే. దిద్దబోయి ఆగాను. అంతా అయ్యాక, బళ్ళో ఇట్లా రాస్తారని నాలుగైదు చోట్ల చెప్పాను, వాడు ఒప్పుకున్న చోట మార్చాడు. పెనం దగ్గర కూలోళ్ళు చెప్పే ఒకటి రెండు మాటలు మార్చనన్నాడు, వేరే మాట పెడితే అది బెల్లం కాదట.

అత్తమ్మకు చదివి వినిపించాడు. ఆమె తమలపాకుకు ఈనె తీస్తూ అంతా విన్నది. మడ్డి తీసినంక సున్నం వెయ్యరు బిడ్డా, సున్నం వేస్తేనే మడ్డి పైకి తేలుతది, అప్పుడు తీస్తరు అంది. వాడు నేలమీద కూర్చుని ఆ రెండు చీటీలూ అటుదిటు మార్చాడు. తర్వాత రబ్బరు వెతకడానికి బ్యాగు బోర్లించాడు.